ఏజెంటు వెళ్ళిపోయాక రాతప్రతిలో మిగిలిపోయే పాఠకుడు

మేడ్చల్‌లో ‘ఏజెంటు’ అంటే ఎవరికీ సాహిత్యం గుర్తు రాదు. ఎల్‌ఐసీ ఏజెంటు ఉంటాడు, ఆర్టీఓ ఆఫీసు బయట ఫారాలు నింపే ఏజెంటు ఉంటాడు, వీళ్ళందరికంటే ముందు భూముల ఏజెంటు ఉంటాడు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు రాజీవ్ రహదారి మీద పోతుంటే టీ హోటల్‌కి ఇద్దరు చొప్పున కనిపిస్తారు. అమ్మేవాడి దగ్గర కూర్చున్నప్పుడు ఈయన పొలం గురించి మాట్లాడతాడు: బావి, బోరు, తాత నాటిన చింతచెట్టు. కొనేవాడి పక్కన కారెక్కగానే ఔటర్ రింగ్ రోడ్డు గురించి, జీనోమ్ వ్యాలీ గురించి, బిట్స్ క్యాంపస్ ఎంత దగ్గరో మాట్లాడతాడు. ఎకరాలు గజాలవుతాయి. భూమి ఒకటే. దాని గురించి చెప్పే కథ మాత్రం వినేవాడిని బట్టి మారుతుంది.

పుస్తకాల ఏజెంటు పనీ ఇంచుమించు ఇదే. తిట్టడానికి అనడం లేదు, ఆ వృత్తి స్వభావమే అది. అటు రచయిత భాష రావాలి, ఇటు ప్రచురణ సంస్థ భాష రావాలి. మధ్యలో నిలబడి ఒకే రాతప్రతిని రెండు రకాలుగా చెప్పగలగాలి. బేరం కుదిరితే అందరికీ సంతోషమే. కుదరకపోతే ఏమవుతుందన్నదే నా ప్రశ్న. బేరం చెడిన వెంచర్లు మా వైపు చాలా చూశాం. కొనేవాళ్ళు రారు, కంపెనీ బోర్డు పీకేస్తారు, పొలంలో పాతిన ప్లాట్ల రాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోతాయి. మళ్ళీ దున్నాలంటే ముందు ఆ రాళ్ళు ఏరాలి. ఏజెంటుతో విడిపోయి అటకెక్కిన రాతప్రతి పరిస్థితి కూడా అదే. దాన్ని కిందికి దించినవాళ్ళు మొదట చెయ్యాల్సిన పని మెరుగులు దిద్దడం కాదనీ, రాళ్ళు ఏరడమనీ చెప్పడానికే ఈ వ్యాసం.

తెలుగులో రాసి తెలుగులో అచ్చువేసుకునేవాళ్ళకి ఈ ఏజెంటు అవసరం పెద్దగా పడలేదు. ఆ పనిని వేరేవాళ్ళు పంచుకున్నారు. ఒకప్పుడు వారపత్రికల సంపాదకులు సీరియల్ కోసం నవల ఎంచుకున్నారు, కోశారు, పేరు పెట్టారు. ‘చతుర’ నెలకో నవల చొప్పున ఏళ్ళ తరబడి వేసింది. అంతకుముందు, 1938లో, వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తానే ప్రచురణకర్త, తానే పంపిణీదారు, తానే అమ్మేవాడు అయ్యాడు. పుస్తకాల మూట మోసుకుని ఊళ్ళు తిరిగాడు. కొనేవాడి ముఖం చూస్తూ పుస్తకం చేతిలో పెట్టాడు. ఇప్పుడైతే చాలామందిమి సొంత డబ్బులతో కొన్ని వందల కాపీలు వేయించి, నవోదయలో కొన్ని పెట్టి, చలికాలం బుక్ ఫెయిర్‌లో మిత్రుల స్టాల్‌లో ఓ మూల నిలబెట్టి, మిగిలినవి ముందుమాట రాసినవాళ్ళకీ రాయనివాళ్ళకీ కొరియర్ చేసుకుంటున్నాం.

అయితే ఈ మధ్య లెక్క మారింది. గీతాంజలిశ్రీ హిందీ నవల డైజీ రాక్‌వెల్ అనువాదంలో 2022లో ఇంటర్నేషనల్ బుకర్ తీసుకుంది. 2025లో బాను ముష్తాక్ కన్నడ కథలకు, దీపా భాస్తి అనువాదంలో, అదే బహుమతి వచ్చింది. పక్క భాషకి వచ్చిందంటే మన భాషకీ రావొచ్చు కదా అని తెలుగు రచయితలకి, ముఖ్యంగా హైదరాబాద్‌లో రెండు భాషల్లోనూ చదివే కుర్రవాళ్ళకి అనిపించడం సహజం. ఆ దారిలో నడవాలంటే చాలా చోట్ల ఏజెంటు తలుపు తట్టాలి. పేరున్న పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థలకు నేరుగా పంపిన రాతప్రతి ఎప్పుడు చదువుతారో, అసలు చదువుతారో లేదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఈ సమస్య ఇవాళ నాది, రేపు ఇది చదువుతున్న మీలో కొందరిది.

నా విషయం క్లుప్తంగా చెప్తాను. శామీర్‌పేట పెద్దచెరువు, దాని శిఖం భూమి, చుట్టూ ఒకప్పుడున్న ద్రాక్షతోటల మీద తెలుగులో ఒక నవల రాశాను. 2016లో పూర్తయింది. నేనే ఇంగ్లీషు చేశాను. ఒక ఏజెంటు తీసుకున్నారు. మన దేశంలో అమ్మితే పదిహేను శాతం, విదేశాల్లో అమ్మితే ఇరవై. ఇది ఆ రంగంలో అందరూ అడిగేదే. రెండేళ్ళలో నవల మూడుసార్లు మారింది, కొందరు సంపాదకులు చదివారు, ఎవరూ కొనలేదు. ఒప్పందంలో రాసుకున్నట్టే నోటీసు ఇచ్చిపుచ్చుకుని విడిపోయాం. కొట్లాట ఏమీ లేదు. రాతప్రతి అటకెక్కింది. కొన్నేళ్ళ తర్వాత దించాను.

చట్టం వైపు నుంచి చూస్తే ఇందులో పెద్ద చిక్కు లేదు. ఏజెంటు సాధారణంగా హక్కులు కొనుక్కోడు, మన తరఫున మాట్లాడతాడు అంతే. ఆయన ద్వారా అమ్ముడైన పుస్తకం ఉంటే దాని కమీషన్ ఆయనకు పోతూనే ఉంటుంది. అమ్ముడుపోనిది మాత్రం రచయితదే. హక్కుల బదిలీ జరిగిన సందర్భాల్లో కూడా 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ రచయితకి కొంత అండగానే ఉంది. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళు అనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనీ అర్థం. హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, అది చెల్లకుండా పోతుంది. విడిపోయేటప్పుడు అడిగి తీసుకోవాల్సింది ఒక్కటే: రాతప్రతి ఎవరెవరికి పంపారో ఆ జాబితా. ఒకసారి వద్దన్న సంపాదకుడికి అదే ప్రతి మళ్ళీ పంపితే మొదటి పేజీ దాటడు. కొత్త ఏజెంటు కూడా ముందు ఆ జాబితానే అడుగుతాడు.

కాగితం మీది ఒప్పందం ఇలా తేలిపోతుంది. వాక్యాల్లోకి దిగిన ఒప్పందం అంత తేలిగ్గా తేలదు. ఏజెంటు వెళ్ళిపోయాడు. కానీ ఆయన ఏ పాఠకుడి పేరు చెప్పి మార్పులు అడిగాడో ఆ పాఠకుడు రాతప్రతిలోనే ఉండిపోయాడు. ఢిల్లీలోనో లండన్‌లోనో ఉంటాడనుకున్న మనిషి. మర్యాదస్తుడు, తొందరలో ఉన్నవాడు, మన సంగతులు కాస్త వివరంగా చెప్తే తప్ప పేజీ తిప్పనివాడు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఏజెంటు కూడా చూశాడని అనుకోను. అయినా ప్రతి పేజీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

అతను ఎక్కడెక్కడ కూర్చున్నాడో గుర్తుపట్టడం విమర్శకు సంబంధించిన పని. సొంత పుస్తకం అయినా సరే, వేరేవాళ్ళ పుస్తకం చదివినట్టు చదవాలి. నాకు ముఖ్యంగా మూడు చోట్ల దొరికాడు.

మొదటిది వివరణల్లో. 2016 ప్రతిలో ఒక వాక్యం ఇలా ఉంది: ‘లచ్చమ్మ కట్టమీద మైసమ్మకు సాక పోసి దిగింది.’ తర్వాతి ప్రతిలో అదే వాక్యం: ‘లచ్చమ్మ చెరువు కట్ట మీద వెలసిన గ్రామదేవత మైసమ్మకు ఆనవాయితీ ప్రకారం కల్లు ధారగా పోసి కిందికి దిగింది.’ గమనించండి, ఇది ఇంగ్లీషు ప్రతి సంగతి కాదు. ఇంగ్లీషులో మార్చిన ప్రతిదాన్నీ వెనక్కి తెలుగులోకి తెచ్చి రెండూ ఒకేలా ఉంచుదామనుకున్నప్పుడు తెలుగులోనే పుట్టిన వాక్యం. మా పక్క వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు సారు ఉంటారు. ప్రింటవుట్ ఇచ్చాను. ఇరవై పేజీలు చదివి, ‘మంచిగనే ఉంది బిడ్డా, కానీ గిది ఎవరికి చెప్తున్నవ్? నాకైతే కాదు. మైసమ్మ ఎవరో నాకు చెప్పుడేంది?’ అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. తన ఇంట్లో తనకే దారి చూపిస్తుంటే మనిషి పడే ఇబ్బంది ఉంది.

అలాగని వివరణ అంతా పాపం అనడం సులువు, సరికాదు. శ్రీకాకుళంలో ఉండే పాఠకుడికి శిఖం అంటే తెలియకపోవచ్చు. మేడ్చల్‌లోనే పుట్టి కొంపల్లి అపార్ట్‌మెంట్లలో పెరిగిన పిల్లలకి కూడా తెలియకపోవచ్చు. నవలలో గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒకతను అడుగుతాడు, ‘శిఖం అంటే ఏంటండీ?’ అని. వీఆర్వో సమాధానం: ‘నీళ్ళున్నప్పుడు చెరువు, నీళ్ళు లేనప్పుడు గొడవ.’ ఇదీ వివరణే. కాకపోతే అడిగినవాడికి తెలుసుకునే అవసరం ఉంది. లోను ఇవ్వాలా వద్దా అని ఆ గుమాస్తా తేల్చుకోవాలి. చెప్పినవాడికి స్వభావం ఉంది. మైసమ్మ వాక్యంలో అడిగినవాడు లేడు. రచయిత భయం మాత్రమే ఉంది. తేడా అక్కడుంది: పాత్రకి అవసరమైన వివరణ కథలో భాగం. పాఠకుడు పారిపోతాడేమో అన్న బెంగతో పెట్టిన వివరణ ప్లాటు రాయి.

రెండోది గైడు పాత్ర. మొదటి ప్రతిలో కథంతా ఊళ్ళోనే ఉన్న మనుషుల మధ్య నడుస్తుంది. చదివేవాళ్ళు చెయ్యి పట్టుకోవడానికి ఒకరు కావాలని ఏజెంటు అన్నారు. దాంతో అమెరికా నుంచి తండ్రి భూమి వాటా కోసం వచ్చిన కూతురు ఒకామె చేరింది. ఆమె అన్నిటినీ కొత్తగా చూస్తుంది. బోనాలు చూసి ఆశ్చర్యపోతుంది, అలుగు దుంకుతుంటే ఫోన్‌లో తీసుకుంటుంది. ఇలాంటి పాత్రలు మీరు చాలా నవలల్లో చూసి ఉంటారు. తిరిగి వచ్చిన బిడ్డ కథ చెడ్డదని కాదు. ఆ బిడ్డ ఎందుకు వచ్చిందన్నదే ప్రశ్న. తన కోసం వచ్చిందా, మనకి ఊరు చూపించడానికి వచ్చిందా?

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటి ప్రపంచమంతా తెలిసిందే ఉంది. హార్పర్ లీ 1957లో లిపిన్‌కాట్ సంస్థకు తన ఏజెంట్ల ద్వారా ఇచ్చిన రాతప్రతి ‘గో సెట్ ఎ వాచ్‌మన్’. అందులో జీన్ లూయీజ్ అనే యువతి న్యూయార్క్ నుంచి సొంతూరు వస్తుంది, తాను దేవుడనుకున్న తండ్రి ఆటికస్ నల్లవాళ్ళ సమానత్వానికి అడ్డం నిలబడ్డ గుంపులో ఉండటం చూస్తుంది. సంపాదకురాలు టే హోహాఫ్ సలహాతో లీ తిరగరాసింది. బయటి నుంచి వచ్చిన యువతి పోయి, అక్కడే పెరుగుతున్న చిన్న పిల్ల స్కౌట్ మిగిలింది. 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది. ఆ పుస్తకం బలమంతా ఆ పిల్ల చూపులోనే ఉంది. దేన్నీ వివరించే వయసు కాదు ఆమెది. మనకన్నా తక్కువ అర్థమవుతుంది, మనకన్నా ఎక్కువ కనిపిస్తుంది. మధ్యవర్తి సలహాలన్నీ చెడగొట్టేవే అని తీర్మానించడానికి వీల్లేకుండా చేసే ఉదాహరణ ఇది.

తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. తర్వాతి కాలంలో వచ్చిన ఏజెంటు మీద ‘మాకింగ్‌బర్డ్’ కాపీరైటు విషయంలో లీ 2013లో కోర్టుకి వెళ్ళింది, అదే ఏడాది రాజీ కుదిరింది. 2015 జులైలో, యాభై ఏళ్ళకు పైగా పక్కనపడిన ‘వాచ్‌మన్’ పుస్తకంగా బయటికొచ్చింది. విపరీతంగా అమ్ముడుపోయింది, అంతే విపరీతంగా గొడవైంది. ఆటికస్ పేరు పిల్లలకి పెట్టుకున్నవాళ్ళు బాధపడ్డారు. నాకు అసలు అభ్యంతరం అక్కడ కాదు. ఆటికస్‌లోని ఆ మురికి ముఖం దాచిపెట్టకుండా ఉండటం ఒక రకంగా మంచిదే. కానీ దాన్ని కొత్త నవలలా, పాత నవలకు కొనసాగింపులా జనం చేతిలో పెట్టారు. అది ఒక నవల తొలి ప్రతి. రాతప్రతి వయసు చెప్పకపోతే పాఠకుడు దాన్ని వేరే పుస్తకంగా చదువుతాడు. అటక మీంచి దించిన ప్రతి ఏ సంవత్సరానిదో అట్ట మీద కాకపోయినా లోపల మొదటి పేజీలో స్పష్టంగా ఉండాలన్న నా పట్టుదల ఇక్కడినుంచే వచ్చింది.

మూడోది ప్రారంభం. 2016 ప్రతి ద్రాక్షతోట తీసేయడంతో మొదలవుతుంది. పందిరి తీగలు తూకానికి అమ్మేస్తారు, రాతి కడీలు పీకి పక్కన పేరుస్తారు. కొన్నాళ్ళకి అవే కడీలు వెంచర్ చుట్టూ కంచె అవుతాయి. మెల్లగా నడిచే పదిహేను పేజీలు. మార్చిన ప్రతిలో మొదటి పేరాలోనే చెరువులో శవం తేలుతుంది. శవం తేలిన నవలలో ఇక ఎవరు ఏం మాట్లాడినా పాఠకుడు హంతకుడి కోసమే వెతుకుతాడు. భూమి ఎలా చేతులు మారిందో చెప్పాలనుకున్న కథ, ఎవరు చంపారో చెప్పే కథ అయిపోయింది. మా ప్రాంతంలో జరిగిన అసలు నష్టానికి శవం లేదు, హంతకుడు లేడు. అందరూ సంతకాలు పెట్టారు, అందరూ డబ్బులు లెక్కపెట్టుకున్నారు, చాలామంది ఇళ్ళు కట్టుకున్నారు కూడా. కథ కష్టం అదే. శవం ఆ కష్టాన్ని తప్పించింది.

ఏజెంటు అడిగిన వాటిలో నేను ఉంచుకున్నదీ ఉంది. తాతల తరం చరిత్ర అరవై పేజీలు తీసేయమన్నారు. ఆ కోత అలాగే ఉంది. ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది కొలత కాదు. ఆ మార్పు వల్ల పాత్రలు తమ పని తాము చేసుకుంటున్నాయా, లేక ఎవరికో కనిపించడానికి నిలబడుతున్నాయా అన్నదే కొలత.

రాళ్ళు ఏరాక ఇంకో సమస్య మిగులుతుంది. ఈలోగా ఊరు మారిపోయింది. మామూలుగా ఊరు మారితే నవలకి పెద్ద నష్టం లేదు. ఎంఎంటీఎస్ రైలు 2023లో మేడ్చల్ దాకా వచ్చింది, నా పాత్రలు ఇంకా బస్సులోనే సికింద్రాబాద్ పోతున్నారు, పోనీ. కానీ నా నవల కీలు మొత్తం వీఆర్వో మీద తిరుగుతుంది. పహాణీలో ఒక కాలమ్‌లో పేరు ఎక్కించడం, ఎక్కించకపోవడం అతని చేతిలో ఉంది. అతను చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు. ఊరి భయాలన్నీ అతని సంచిలో ఉంటాయి. 2020 సెప్టెంబరులో ఆ ఉద్యోగాన్నే ప్రభుత్వం రద్దు చేసింది. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. ఎక్కడో కాదు, శామీర్‌పేటకి కాస్త అవతల మూడుచింతలపల్లిలో. 2025లో ధరణి కూడా పోయి భూభారతి వచ్చింది. అంటే నా రాతప్రతి అటక మీద ఉన్న కాలంలో దాని ప్రధాన పాత్ర ఉద్యోగం పోయింది, ఆ స్థానంలో వచ్చిన కంప్యూటర్ తెర కూడా పోయింది.

ఇప్పుడేం చెయ్యాలి? కథని ఇవాళ్టికి తెచ్చి మీసేవ సెంటర్‌లో స్లాట్ బుకింగ్ దగ్గర మొదలుపెట్టాలా? ఇలాంటి చోట మన సాహిత్య చరిత్రలో ఆగిపోయిన, ఆగి మళ్ళీ నడిచిన పుస్తకాల వైపు చూడటం నాకు ఉపయోగపడింది. అవన్నీ ఒకే రకంగా తిరిగి రాలేదు.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. కృతి అందుకున్న ఆనందగజపతి మహారాజు అదే ఏడాది పోయారు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి పెరిగి నాటకాన్నే తన చేతిలోకి తీసుకుంది. పోషకుడు ఇక లేని పన్నెండేళ్ళలో గురజాడ ఆ నాటకాన్ని ఎవరికోసమో సర్దలేదు. తన మనుషుల్ని ఇంకా దగ్గరగా విన్నాడు. కాలాన్ని ముందుకు జరిపి కొత్త సంఘటనలు అతికించలేదు. మారింది తేదీ కాదు, లోతు.

శ్రీశ్రీది ఇంకో దారి. ‘మహాప్రస్థానం’ గీతాలు చాలావరకు 1930లలోనివి. చలం ముందుమాట 1940లో రాశాడు. పుస్తకం 1950లో వచ్చింది. ముందుమాట పదేళ్ళు పుస్తకం కోసం ఎదురుచూసింది. ఆ పదేళ్ళలో ప్రపంచయుద్ధం ముగిసింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. అయినా ఆ గీతాలు తమ తేదీలతోనే నిలబడ్డాయి. పాతబడ్డాయని ఎవరూ అనలేదు. ఏ వేడిలో పుట్టాయో ఆ వేడి అలాగే ఉంది కాబట్టి.

ఉన్నవ ‘మాలపల్లి’ది మూడో దారి, బాధాకరమైనది. జైల్లో రాసిన నవల, ప్రభుత్వం నిషేధించింది, కొన్ని భాగాలు తీసేస్తే 1928లో మళ్ళీ అనుమతి దొరికింది. బయటివాళ్ళు అడిగిన కోతతో పుస్తకం తిరిగిరావడమంటే ఏమిటో దాన్ని చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వం చేతిలోని నిషేధాన్నీ, ఏజెంటు మర్యాదగా పంపిన మెయిల్‌నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఒకదానికి జైలుంది, ఇంకోదానికి ‘మీ ఇష్టం’ అన్న మాట ఉంది. కానీ విమర్శకుడు రెండు చోట్లా ఒకే ప్రశ్న అడగాలి: తీసేసింది ఏమిటి, అది లేకపోతే ఎవరికి సౌకర్యం?

ఆళ్వారుస్వామి ‘గంగు’ నాలుగోది. ఆయన 1961లో పోయేనాటికి ఆ నవల పూర్తి కాలేదు. తర్వాత అసంపూర్ణంగానే అచ్చువేశారు. ఎవరూ ముగింపు రాసి అతికించలేదు. ఆ ఆగిపోయిన చోటు కూడా ఇవాళ మనకి చదవదగ్గదే. తెలంగాణ పల్లెను నవలగా చెప్పే పనిని దాశరథి రంగాచార్య వంటివారు వేరే నవలల్లో ముందుకు తీసుకెళ్ళారు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. తిరగరాయడం మంచిదా, రాసింది రాసినట్టే ఉంచడం మంచిదా అన్న చర్చలో పస లేదు. గురజాడ మార్చి గెలిచాడు, శ్రీశ్రీ మార్చకుండా గెలిచాడు. మార్పు ఎవరి ముఖం చూస్తూ జరిగిందన్నదే తేడా.

ఆ లెక్కన నా నిర్ణయం ఇది. వీఆర్వో ఉంటాడు. కథ 2015, 2016లలోనే జరుగుతుంది. జిల్లాల విభజనతో మేడ్చల్ కొత్త జిల్లా అయిన 2016 అక్టోబరు దగ్గర ఆగిపోతుంది. ధరణి గురించి ఒక్క ముక్క కూడా ఉండదు, రాబోయేది నాకు తెలిసినట్టు సూచన కూడా ఉండదు. ఆ సంచి పట్టుకుని తిరిగిన మనిషికి తన ఉద్యోగం నాలుగేళ్ళలో పోతుందని తెలియదు. ఆ తెలియకపోవడమే ఇప్పుడు చదివేవాళ్ళకి కథలో కొత్తగా చేరిన బరువు. ఇది నేను రాసింది కాదు, కాలం రాసింది. అటక మీద ఉండటం వల్ల రాతప్రతికి జరిగే మేలు ఏదైనా ఉంటే ఇదొక్కటే.

అమెరికా కూతురు వెళ్ళిపోయింది. ఆమె లేకుండా కొన్ని అధ్యాయాలు కూలిపోతాయని భయపడ్డాను. కూలిన రెండు అధ్యాయాలూ ఆమె కోసం కట్టినవే. శవం మునిగిపోయింది. మైసమ్మ వాక్యం మళ్ళీ ఆరు మాటలకు వచ్చింది. తెలుగు ప్రతి ముందు అచ్చుకి పోతుంది. ఇంగ్లీషు తర్వాత సంగతి. ఈసారి అనువాదం వేరేవాళ్ళు చేస్తారు. నా వాక్యం ఎక్కడ అర్థం కాలేదో వాళ్ళు నన్ను అడుగుతారు. అడగకముందే నేను చెప్పను.

ఇందులో పణం ఏమిటని మీరు అడగొచ్చు. ఒక నవల మూడొందల మంది చదువుతారు, ఇంత గొడవెందుకు? మేడ్చల్, శామీర్‌పేటల గురించి ఇప్పటికే చాలా రాత ఉంది. రోడ్డు పక్క హోర్డింగుల మీద, వెంచర్ బ్రోచర్లలో, పేపర్ల రియల్ ఎస్టేట్ పేజీల్లో. అదంతా కొనేవాడి కోసం రాసింది. అందులో చెరువు ‘లేక్ వ్యూ’, పొలం ‘ఓపెన్ ప్లాట్’, ఊరు ‘శివారు’. శివారు అన్న మాటే చూడండి, ఎక్కడో ఉన్న నడిబొడ్డు నుంచి కొలిస్తేనే మేం శివారు. ఇక్కడ పుట్టినవాడికి ఇది నడిబొడ్డే. నవల కూడా అదే కొనేవాడి వైపు తిరిగి మాట్లాడితే, ఈ నేల తనతో తాను మాట్లాడుకున్న రాత ఒక్కటి కూడా మిగలదు. ఎకరాలు ఎటూ పోయాయి. మాటలు కూడా గజాల లెక్కన పోవాల్సిన పని లేదు.

మీ అటక మీద కూడా ఇలాంటిదొకటి ఉంటే దించండి. ముందు కథ చదవకండి. ప్రతి పేజీ అంచున పెన్సిల్‌తో ఒక్క ప్రశ్న రాసుకుంటూ పొండి: ఈ వాక్యం ఎవరికి చెప్తున్నాను? జవాబుగా మీకు తెలిసిన ఒక మనిషి ముఖం కనిపించిన చోట టిక్కు పెట్టండి. ఎవరి ముఖమూ కనిపించని చోట రాయి ఉంది. పీకేయండి. ఆ గుంతలో ఏం మొలవాలో ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.